శెనిక్కాయ మొక్కు

పొద్దున్నే కాఫీ కూడా తాగకముందు సుందరం సారు పలక తుడుస్తాడు. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. తర్వాత సుద్దముక్క తీసుకుని రెండు వరుసలు రాస్తాడు: ‘ఇక్కడ ఇచ్చేది మందుకు తోడు. మందుకు బదులు కాదు.’ నిన్న రాసిన అక్షరాలు చెదరకుండా ఉన్నా సరే, తుడిచి మళ్లీ రాస్తాడు. పలకను గది తలుపు పక్కన మేకుకు తగిలించాకే కాఫీ.

“పెయింటుతో రాయించి పెడితే ఒక్కసారికి అయిపోతాది గదా నాయనా” అని కూతురు లీలమ్మ ఎన్నోసార్లు అన్నది.

“పెయింటుతో రాస్తే రాసినోడు మళ్లా చదవడమ్మా” అంటాడు.

ఆయనను నేను మొదట చూసింది అమ్మను తీసుకుని వెళ్లినప్పుడు. వంకాయ తిన్నప్పుడల్లా అమ్మకు చేతుల మీద దద్దుర్లు లేచేవి. ప్రొద్దుటూరులో హోమియో సారు ఉన్నాడని ఎవరో చెబితే వెళ్లాం. ఆయన అరగంట సేపు ప్రశ్నలడిగాడు. తిన్న ఎంతసేపటికి వస్తుంది, పెదాలు వాస్తాయా, ఊపిరి ఆడకుండా అవుతుందా, కలలు ఎలాంటివి వస్తాయి. అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాడు. అమ్మ చెయ్యి చాపి మాత్రల కోసం చూస్తుంటే, పుస్తకం మూసి, “ముందు చర్మం డాక్టరుకు చూపించుకోని రా తల్లీ. ఆయన చీటీ చూసినాక మాత్రలిస్తా” అన్నాడు.

అమ్మ దారంతా సణుగుతూనే ఉంది. “మాత్రలకు పోతే డాక్టరు కాడికి పొమ్మంటాడు. ఇంగ డాక్టరు కాడికి పోతే యాడికి పొమ్మంటాడో.”

ఆ చీటీ తీసుకుని మళ్లీ వెళ్లింది నేనే. ఆ తర్వాత నెలనెలా వెళ్లాను. పలక సంగతి అడగడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆయన చెప్పడానికి ఇంకో రెండు నెలలు తీసుకున్నాడు. చెప్పినదాన్ని ఆ తర్వాత మరో ఇద్దరి దగ్గర విన్నాను. ముగ్గురి మాటా ఒకటే. ఆయన మాత్రం మిగిలిన ఇద్దరికంటే తన తప్పును కొంచెం పెద్దగా చెప్పాడు.

సుందరం సారు జమ్మలమడుగులో సైన్సు పాఠాలు చెప్పేవాడు. హోమియో ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. తండ్రి యాకోబు కాంపౌండరుగా పనిచేసి, రిటైరయ్యాక పెట్టెనిండా సీసాలు పెట్టుకుని పల్లెల్లో తిరిగేవాడు. ఆ పెట్టె సారుకు మిగిలింది. బడి వదిలాక సాయంత్రం పూట మాత్రలిచ్చేవాడు. డబ్బు తీసుకునేవాడు కాదు. కాయో కూరో తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లేవాళ్లు.

తొంభై మూడులో ఒక సాయంత్రం అంకాలమ్మ అనే ఆమె కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. ముద్దనూరు వైపు వెళ్లే దారిలో ఒక పల్లె వాళ్లది. ఆ ఊరి పేరు రాయను. గొర్రెలు, కొంత సేద్యం. ఆమె భర్త కుళ్లాయప్ప ఊళ్లో ఒక పార్టీకి పెద్ద. ఇంకో పార్టీకి ఓబులేసు. ఆ ఊళ్లో పార్టీ అంటే జెండా తర్వాత సంగతి, ముందు మనుషులు. వీళ్లు ఏ జెండా పట్టుకుంటే వాళ్లు దానికి ఎదురు జెండా పట్టుకునేవాళ్లు. కుళ్లాయప్ప తండ్రిని ఓబులేసు వాళ్లు నరికి అప్పటికి పదకొండేళ్లు.

కొడుకు పేరు వెంకటేశు. పదిహేడేళ్లు. సారు దగ్గరే పదో తరగతి చదివాడు. వేరుశెనగను అక్కడ శెనిక్కాయ అంటారు. చిన్నప్పటి నుంచి అవి తిన్నవాడే. ఆ ఏడు కళ్లంలో నాలుగు పచ్చికాయలు నమిలేసరికి ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదాలు వాచి, ఊపిరి అందక పడిపోయాడు. ప్రొద్దుటూరు డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి బతికించి, వీడు జన్మలో శెనిక్కాయ ముట్టకూడదని, పొరపాటున తిన్నా వెంటనే ఆసుపత్రికి తేవాలని చెప్పి పంపాడు.

“డాక్టరు చెప్పినట్టే చెయ్యండి. నా మాత్రలు దానికి తోడుగా వేసుకోండి” అన్నాడు సారు. అప్పట్లో ఆయన మాట అదే.

అంకాలమ్మ లేవలేదు. “మందు సంగతి సరే సారూ. ఈ మాట బయటికి పోకూడదు. మా మామను సంపను పదిమంది కొడవళ్లు తెచ్చుకోవల్సొచ్చె. నా కొడుకును సంపను గుప్పెడు శెనిక్కాయలు సాలని తెలిస్తే వీడు ఏ ఇంట్లో బువ్వ తింటాడు?”

“కుళ్లాయప్పకు చెప్పినావా?”

“ఆయనకు చెప్తే రెండు గ్లాసులు పడినాక ఆయనే ఊరికి చెప్తాడు. నీకు, నాకు, వీనికి. అంతే.”

బల్ల మీదున్న బైబిలు ఆమే తీసి ఆయన ముందు పెట్టింది. సారు దాని మీద చెయ్యి వేశాడు.

అయితే శెనిక్కాయ లేకుండా ఆ ఊళ్లో బతకడం ఎలా? చేన్లో పండేది అదే, రోట్లో నూరేది అదే. ఎవరైనా చట్నీ వెయ్యబోతే వద్దనడానికి ఏదో ఒక కారణం కావాలి. ఆ కారణం చెప్పింది సారే. “బ్రహ్మంగారి మఠంలో శెనిక్కాయ వదిలేసినాడని చెప్పు. మొక్కంటే ఎవురూ అడగరు.”

నిజంగానే ఎవరూ అడగలేదు. కానీ మొక్కంటే దానికి ఒక కారణం ఉండాలి కదా. అంకాలమ్మ చెప్పని కారణాన్ని ఊరు తనే కల్పించుకుంది. తాతను చంపినవాళ్ల లెక్క తేలేదాకా వెంకటేశు శెనిక్కాయ ముట్టడట అన్నారు కుళ్లాయప్ప మనుషులు. రచ్చబండ దగ్గర మీసం మెలేసి అన్నారు. ఆ మాట ఓబులేసు దాకా వెళ్లింది. వెంకటేశు కూడా కాదనలేదు. వయసు అలాంటిది. “జబ్బోడు అనిపించుకునేదానికంటే అది నయమనిపిచ్చె” అని నాతో ఫోన్లో అన్నాడు.

రెండేళ్లు నెలకోసారి వచ్చి మాత్రలు తీసుకువెళ్లాడు. కలలేమి వస్తాయని సారు అడిగితే, “కలలు రావు సార్. కుక్కలు మొరిగితే లేస్తా” అన్నాడట. నోటుపుస్తకంలో నెలనెలా ఒకటే మాట ఉంటుంది: దద్దుర్లు లేవు. మొదట్లో మామూలు సిరాతో, తర్వాత ఎర్ర సిరాతో. ఆ పుస్తకం నేను చూశాను. తొంభై నాలుగు ఆఖరున ఒకచోట ‘హోటల్లో తెలియక చట్నీ నాకినాడు, ఏమీ కాలేదు. మాత్రల గుణం’ అని రాసి కింద రెండు గీతలు గీశాడు.

“ఆ యమ్మ ఇంట్లో శెనిక్కాయ నూనె గూడా మాన్పించిందమ్మా” అని సారు నాతో అన్నాడు. “తినకపోతే దద్దుర్లు ఎట్ల వస్తాయి? ఎనిమిదో తరగతి పిల్లోడు గూడా అడుగుతాడు ఆ మాట. హోటలోడు వేసింది ఏం చట్నీనో గూడా నేను అడగలేదు. సైన్సు సారును.”

తొంభై ఐదులో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. రెండు పార్టీలూ అప్పటికే కోర్టులతో అలసిపోయాయి. సర్పంచి పదవి చెరి రెండున్నరేళ్లు పంచుకుందామని, ఎన్నిక లేకుండా చేసుకుందామని మాట నడిచింది. మధ్యలో ఉండడానికి ఇద్దరూ ఒప్పుకున్న మనిషి సుందరం సారు. ఇద్దరి కొడుకులకూ పాఠాలు చెప్పినవాడు, రెండు పార్టీల్లోనూ లేనివాడు. ఒక గురువారం రాజీ భోజనం పెట్టుకున్నారు.

రాజీ భోజనం అంటే వట్టి భోజనం కాదు. పగ ఉన్నవాళ్లు ఒకరింట్లో ఒకరు మంచినీళ్లు కూడా ముట్టరు. విషం భయం. రాజీ రోజు అందరి ఎదుటా ఒకే తట్టలో సంగటి పెట్టుకుని, ఒకరి చేత్తో ఒకరు ముద్ద తింటారు. తిన్నాడంటే నమ్మినట్టు. తినలేదంటే పగ మిగిలే ఉన్నట్టు.

వంటకు జమ్మలమడుగు నుంచి అబ్దుల్ సత్తార్‌ను పిలిపించారు. ఒక పార్టీ మనిషి వండితే రెండో పార్టీ తినదు కాబట్టి ఇలాంటి భోజనాలన్నిటికీ ఆయనే. చింతతోపులో పొయ్యిలు పెట్టి పొట్టేలు కూర, సంగటి వండాడు. ఓబులేసు ముందు రోజే మనిషిని పంపి, శెనిక్కాయల ఊరుబిండి తప్పకుండా చెయ్యమన్నాడు. సత్తార్ కాయలు వేయించి, మిరపకాయలు వేసి రోట్లో తన చేత్తోనే నూరాడు.

తట్ట ముందు మగవాళ్లంతా చేరాక ఓబులేసు సంగటి ముద్ద చేసి, దాని నిండా ఊరుబిండి అద్ది, వెంకటేశు ముందుకు చాపాడు.

“నీ మొక్కు మా కోసమే గదా పెట్టుకున్న్యావు వెంకటేశూ. ఈ పొద్దుతో తీరిపాయ. నా చేత్తో తిను.”

వెంకటేశు తల వంచుకున్నాడు.

“ఏందప్పా, కొత్త పెండ్లికూతురు మాదిరి సిగ్గుపడతాండాడు” అన్నారు వెనక నుంచి. నవ్వులు.

“తినకపోతే ఇంగా మనసులో ఉన్నట్టేలే మామా. చెయ్యి దించు” అన్నాడు ఓబులేసు మనుషుల్లో ఒకడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

కుళ్లాయప్ప కొడుకు వైపు చూశాడు. “తినరా. నన్ను అడగకుండా మొక్కుకున్న్యావు. నా ముందరే తీర్చుకో.”

వెంకటేశు సుందరం సారు వైపు చూశాడు.

ఆ చూపు గురించి చెప్పేటప్పుడు సారు నా ముఖం చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. తాను వద్దంటే మొక్కు అబద్ధమని తేలుతుంది, రాజీ చెడుతుంది. అది ఒక కారణం. కానీ ఆ క్షణంలో ఆయన కళ్ల ముందు నిలిచింది రాజీ కాదు, ఎర్ర సిరాతో గీసిన గీతలు. రెండేళ్ల మాత్రలు. ఒక్క ముద్దకు ఏమీ కాదు అనుకున్నాడు. నిజానికి ఏమీ కాకపోవడం కళ్లారా చూడాలని ఉండింది.

సారు తల ఊపాడు. వెంకటేశు నోరు తెరిచాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఓబులేసు అదే తట్టలో తానూ తిన్నాడు. ఐదు నిమిషాలు కాకముందే వెంకటేశు మెడ గోక్కోవడం మొదలుపెట్టాడు. పెదాలు లావెక్కాయి. ఏదో చెప్పబోయి, చెప్పలేక, రెండు చేతులతో గొంతు పట్టుకుని పక్కకు ఒరిగాడు.

“ఇసం పెట్టినార్రా” అని ఎవరో అన్నారు.

ఓబులేసు చుట్టూ ఆయన మనుషులు గోడలా నిలబడ్డారు. “నేనూ అదే తట్టలో తిన్న్యా గదరా. ఏమన్నా కలిపింటే వండినోడు కలిపింటాడు. వాన్ని అడగండి” అన్నాడు ఓబులేసు. కుళ్లాయప్ప మనుషులకు ఆ గోడ దాటడం కష్టం. పొయ్యి దగ్గర ఒంటరిగా నిలబడిన మనిషిని పట్టుకోవడం తేలిక. అందరి తలలూ ఒక్కసారి అటు తిరిగాయి.

కుళ్లాయప్ప కొడుకును జీపులో పడుకోబెడుతూ సారు చెయ్యి పట్టుకున్నాడు. “సారూ, నువ్వు సదువుకున్నోనివి. ఇసమేనా ఇది?”

విషం కాదు, వీడికి శెనిక్కాయ పడదు. ఇంత చెబితే చాలు. గట్టిగా, అందరికీ వినపడేటట్టు.

“ఆసుపత్రిలో చూస్తే తెలుస్తాది. ముందు బండి పోనీ” అన్నాడు సారు.

జీపు కదిలేటప్పుడు ఆయన వెనక్కి చూశాడు. సత్తార్ రోట్లో మిగిలిన ఊరుబిండిని వేళ్లతో తీసి తింటున్నాడు. “చూడండప్పా, నేను తింటాండా. చూడండి” అంటున్నాడు. ఎవరూ చూడటం లేదు. పొయ్యిలో కాలని కట్టెలు ఏరుతున్నారు.

జమ్మలమడుగు ఆసుపత్రిలో ఇంజెక్షన్ పడిన కాసేపటికి వెంకటేశుకు ఊపిరి తిరిగింది. ఏం తిన్నాడని డాక్టరు అడిగితే సారు అంతా చెప్పేశాడు. అప్పుడు మాటలు ఎంత సులువుగా వచ్చాయో అని ఆయన ఇప్పటికీ అనుకుంటాడు.

“తెలిసి తినిపించినారా?” అన్నాడు డాక్టరు.

గుమ్మంలో నిలబడి కుళ్లాయప్ప విన్నాడు. లోపలికి వచ్చి తలుపు మూశాడు. “ఈ మాట ఈ గది దాటకూడదు సారూ. ఓబులేసుకు తెలిస్తే వీడు ఇంగ బతకడు” అన్నాడు.

“మరి సత్తార్?”

“నేను పోయి చూసుకుంటా.”

ఆయన వెళ్లనవసరం లేకపోయింది. సత్తార్‌ను ట్రాక్టరులో అదే ఆసుపత్రికి తెచ్చారు. కుడి మణికట్టు, నాలుగు వేళ్లు నుజ్జయ్యాయి. మోసుకుంటూ వరండాలోంచి తీసుకుపోతుంటే సారు అక్కడే ఉన్నాడు.

“నేను స్తంభం చాటుకు జరిగినానమ్మా” అని చెప్పాడు నాతో. మిగతాది ఇంకో రోజు చెప్తానన్నాడు. నేను ఇంటికి వచ్చేశాను.

రాజీ చెడింది. రెండు పార్టీలూ నామినేషన్లు వేశాయి. పోలింగు రోజు బాంబులు పడ్డాయి. ఊళ్లో బడి పది రోజులు తెరవలేదు.

రాజీ భోజనం జరిగిన పంతొమ్మిది రోజులకు సారు సత్తార్ ఇంటికి వెళ్లాడు. తలుపు తీసింది సత్తార్ భార్య దిల్షాద్‌బీ.

“ఏం సార్, మాత్రలు తెచ్చినారా? ఇరిగిన ఎముకలకు గూడా ఉండాయా మీ కాడ?”

సారు నిలబడే చెప్పాడు. డాక్టరు మాట, మొక్కు, తల ఊపడం, జీపు. చివర బైబిలు మీద ప్రమాణం సంగతి కూడా చెప్పాడు.

మంచం మీద కూర్చున్న సత్తార్ అంతా విని, “ప్రమాణం కోసరమే గమ్మునున్న్యారా సార్?” అని అడిగాడు.

అవునని చెప్పి ఉండొచ్చు. ఆ ఇంట్లో ప్రమాణమంటే మర్యాద ఉంది.

“కాదు సత్తార్ భాయ్. నా మాత్రలు పనిచెయ్యలేదని నలుగురికీ తెలుస్తాదని.”

సత్తార్ కట్టు కట్టిన చేతిని ఎడమ చేత్తో ఒళ్లోకి తీసుకున్నాడు. “జీపులో పోతా నా పక్క తిరిగి చూసినారు మీరు. సార్ చూసినాడు గదా, ఏమన్నా చెప్తాడు అనుకుంటి.”

“ఇప్పుడు పోయి చెప్తా. స్టేషన్లో చెప్తా, ఊళ్లో చెప్తా.”

“వద్దు సార్. ఇప్పుడు చెప్తే నా చెయ్యి రాదు. ఆ పిల్లోని పానం పోతాది.”

“ఈయన చెయ్యి పాయ, పేరు పాయ” అన్నది దిల్షాద్‌బీ లోపలికి వెళుతూ. “ఊళ్లో పానాలు కాపాడేది మాత్రం మళ్లా ఈయనే.”

తర్వాత సత్తార్‌ను ఎవరూ వంటకు పిలవలేదు. చెయ్యి బాగున్నా పిలిచేవాళ్లు కాదు. కూడులో ఏదో కలిపినాడట అన్న మాట ఎర్రగుంట్ల దాకా పాకింది. దిల్షాద్‌బీ ఇంటి ముందు దోసెలు పోయడం మొదలుపెట్టింది. ఆయన పక్కన కూర్చుని ఉప్పెంతో కారమెంతో చెబుతాడు. నేను వెళ్లినప్పుడు కూడా అలాగే కూర్చుని ఉన్నాడు. నా ముందు ఆకు పెట్టి, “శెనిక్కాయ పడతాది కదమ్మా నీకు?” అని అడిగాడు. కొత్తగా వచ్చే ప్రతి మనిషినీ అడుగుతాడట. పడనివాళ్లకు వేరే గిన్నెలో కొబ్బరి చట్నీ, వేరే గరిటె. అలవాటుగా వచ్చేవాళ్లు నవ్వుతారు.

కుళ్లాయప్ప, ఓబులేసు ఇద్దరూ మంచాన పడే పోయారు. అంకాలమ్మ కూడా పోయింది. వెంకటేశు పులివెందులలో మోటార్లకు వైరు చుట్టే షాపు పెట్టుకున్నాడు. ఇదంతా రాయాలనుకుంటున్నానని భయపడుతూ అడిగితే, “రాయమ్మా. ఇప్పుడు నన్ను సంపాలని ఎవురికుండాది. నా పేరు పెడతావో మారుస్తావో నీ ఇష్టం. సత్తార్ చిన్నాయన పేరు మాత్రం మార్చొద్దు. ఆయన ఏమీ కలపలేదని పేరుతోనే రాయి” అన్నాడు.

అబ్దుల్ సత్తార్ ఆ రోజు ఏమీ కలపలేదు.

సుందరం సారు మాత్రలివ్వడం ఆ తర్వాత మూడేళ్లు మానేశాడు. మళ్లీ మొదలుపెట్టిన రోజునే పలక కొన్నాడు. దురదకో, భయానికో, నిద్ర పట్టకపోవడానికో నాలుగు మాత్రలు తోడుగా ఇస్తాడు. తిండి పడదని వచ్చినవాళ్లను మాత్రం డాక్టరు చీటీ చూడకుండా కూర్చోనివ్వడు. ఎర్ర సిరా వాడడు. మా అమ్మ వంకాయ మానేసింది. దద్దుర్లు రాలేదు. ఆ మాట సంతోషంగా చెప్పబోతే, “మానేసినందుకు రాలేదు. అట్లనే రాస్తాండా” అని రాసుకున్నాడు.

సత్తార్ క్షమించాడా అని ఒకసారి అడిగాను. “అడగలేదమ్మా. అడిగితే సరేలే అంటాడు. మంచోడు. ఆ మాట ఆయన చేత అనిపించుకునే హక్కు నాకు లేదు” అన్నాడు. వారానికొకసారి వెళ్లి దోసెల పెనం పక్కన కూర్చుంటాడు. పిండి రుబ్బేటప్పుడు గ్రైండరు గిన్నెను దించేది, ఎత్తేది ఆయనే. దిల్షాద్‌బీ ఆయనకు టీ ఇస్తుంది. మాట్లాడదు.

ఇప్పుడు సుందరం సారుకు ఎనభై మూడేళ్లు. ప్రొద్దుటూరులో కూతురి ఇంట్లో కింది గదిలో ఉంటాడు. గురువారం తప్ప అన్ని రోజులూ ఉదయం ఎనిమిది నుంచి పదిదాకా మాత్రలిస్తాడు. గురువారం ఏడున్నర బస్సుకు జమ్మలమడుగు వెళతాడు.